కోదండపాణి గారి చెయ్యి

చిత్తూరులోని ఆ స్కాన్ సెంటర్లో ఎస్తేరు పన్నెండేళ్లుగా టెక్నీషియన్. పొద్దున పాకాలలో రైలెక్కి వస్తుంది, సాయంత్రం బస్సు పట్టుకుని పోతుంది. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, కదలవద్దని చెప్పి, అద్దానికి ఇవతల కూర్చుని మిషన్ నడపడం ఆమె పని. బొమ్మలు సరిగ్గా పడ్డాయో లేదో చూస్తుంది, అంతే. వాటిలో ఏ రోగం ఉందో రాయాల్సింది డాక్టరు. ఆ డాక్టరు చిత్తూరులో ఉండడు.

కోదండపాణి గారిది తిరుపతి. తన ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని, బ్రౌజర్లో ఒక పేజీ తెరిచి, నంబరూ పాస్‌వర్డూ కొట్టేవాడు. దాంతో చిత్తూరు సెంటర్లోని కంప్యూటర్ తెర మొత్తం అక్కడ ఆయన ముందు తెరుచుకునేది. ఇక్కడ ఎస్తేరు చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తుండగానే మౌసు బాణం దానంతటదే కదిలేది, అక్షరాలు వాటంతటవే పడేవి. కొత్తలో అది చూస్తే ఆమెకు ఒళ్లు జలదరించేది. నాలుగేళ్లలో అలవాటైపోయింది. పోను పోను ఆ బాణం కదలికలోనే ఆమెకు మనిషి కనబడసాగాడు.

ఆయన ప్రతి తల స్కానునూ రెండుసార్లు చూసేవాడు, పైనుంచి కిందికి ఒకసారి, మళ్లీ కిందినుంచి పైకి ఒకసారి. అనుమానం తగిలిన చోట బాణాన్ని నిదానంగా చుట్టూ తిప్పేవాడు, బియ్యంలో రాయిని వేలితో పక్కకు జరిపినట్టు. ఆమెకు ఏదైనా చెప్పాలంటే తెర మీద నోట్‌ప్యాడ్ తెరిచి తెలుగులో కొట్టేవాడు. ఈ పెద్దాయన కదిలినాడు, ఇంకొకసారి తియ్యమ్మా అనేవాడు. పని అయ్యాక, భోంచేసినావా అని అడిగేవాడు. ఆమె ఆ కిందనే జవాబు కొట్టేది. మనిషిని ఎదురుగా చూసింది రెండుసార్లే అయినా, ఆయన విసుగులో ఉన్నాడో, తీరిగ్గా ఉన్నాడో ఆ బాణాన్ని చూసి చెప్పగలిగేది.

మామిడికాయలు మార్కెట్‌కు వస్తున్న రోజుల్లో ఒక సోమవారం ఆ చెయ్యి మారింది.

బాణం గీత గీసినట్టు తిన్నగా, ఆగి ఆగి పోతోంది. తల బొమ్మల్ని పైనుంచి కిందికి ఒకే విసురులో దాటేసింది. పాత రిపోర్టు ఒకటి తెరిచి, అందులోని రాతంతా ఎత్తి కొత్త కాగితంలో దించి, పేరూ వయసూ మార్చింది. కింద కోదండపాణి గారి సంతకం బొమ్మ అతికించింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఎస్తేరు నోట్‌ప్యాడ్ తెరిచి, నమస్తే సార్, ఆరోగ్యం బాగుందా అని కొట్టింది. బాణం ఆ మాటల దగ్గరకు వచ్చి నిలబడింది. తర్వాత చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటిగా చెరిగిపోతూ వచ్చి తెర తెల్లగా మిగిలింది.

డాక్టరు గారి ఫోను స్విచాఫ్ వచ్చింది. సెంటరు యజమాని మునిశేఖర్‌ను అడిగితే ఆయనకు పని ఎక్కువైందనీ, ఫోన్లు ఎత్తడం లేదనీ చెప్పాడు. చెబుతూ ఆమె ముఖం చూడలేదు.

రెండు వారాలు అలాగే గడిచాయి. రిపోర్టులన్నీ ఒకే అచ్చులో వస్తున్నాయి, దాదాపు అన్నిట్లోనూ నార్మల్ అనే. ఒక మధ్యాహ్నం క్యారియర్ తెచ్చుకోవడానికి లేచినామె తిరిగి వచ్చేసరికి కంప్యూటర్‌లో సీసీ కెమెరాల పేజీ తెరిచి ఉంది. రిసెప్షన్, మెట్లు, స్కాన్ గది ఒక్కొక్కటిగా పెద్దవై చిన్నవయ్యాయి. చివరికి ఆమె కూర్చునే గది తెర నిండా పరుచుకుంది. అందులో చేతిలో క్యారియర్ పట్టుకుని నిలబడిన తన వీపు ఆమెకు కనిపించింది. బాణం ఆ వీపు మీద కాసేపు ఆగింది. ఎస్తేరు వెనక్కి తిరిగి గోడ మూలనున్న కెమెరా వైపు చూసింది. మళ్లీ తెర వైపు తిరిగేలోగా పేజీ మూసుకుపోయింది.

ఇంటికి పోయి భర్త ఏబెల్‌తో చెప్పింది. అతను రైల్వే గ్యాంగులో పని చేస్తాడు, ఉత్తపుణ్యానికి భయపడే మనిషి కాదు. ఆయన ఇంటికే పోయి సూసి రా, అనుమానం తీరిపోతాది అన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె తిరుపతి రైలెక్కింది. అలిపిరి రోడ్డులోంచి లోపలికి రెండో సందులో ఇల్లు. కొండకు నడిచిపోయేవాళ్ల గోవిందలు అక్కడిదాకా వినిపిస్తున్నాయి. తలుపు తీసిన నాగవేణి, డాక్టరు గారి భార్య, పేరు చెప్పగానే గుర్తుపట్టింది. లోపలికి తీసుకుపోయింది.

కోదండపాణి గారు మంచం మీద ఉన్నాడు. మూతి ఒక పక్కకు జారిపోయింది. కుడి చెయ్యి దిండు మీద ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా పడి ఉంది. పక్షవాతం వచ్చి మూడు వారాలైందని, మాట పడిపోయిందని నాగవేణి చెప్పింది. ఎస్తేరు వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. ఆ సోమవారానికి మూడు రోజుల ముందు.

రోజూ ఆయన సంతకంతో రిపోర్టులు వస్తున్నాయని ఎస్తేరు మెల్లగా చెప్పింది.

"మునిశేఖర్ వచ్చి లాప్‌టాప్ తీసకపోయినాడమ్మా," అనింది నాగవేణి. "ఈయన లేచేదాకా ఇంకో డాక్టరు చూస్తాడు, పేరు మాత్రం ఈయనదే ఉండనీ, లేకుంటే ఈయన చూసే సెంటర్లన్నీ చెయ్యిజారిపోతాయి అన్నాడు. నేను సరే అన్నాను. ఆ ఇంకో డాక్టరు ఎవరని అడగలేదు."

మంచం మీది మనిషికి అంతా వినబడుతోంది. ఆయన ఎడమ చెయ్యి లేచి ఎస్తేరు మణికట్టును పట్టుకుంది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది కానీ మాట కాలేదు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారిపోతున్నాయి. ఆ పట్టు విడిపించుకోవడానికి నాగవేణి సాయం చేయాల్సి వచ్చింది.

మరునాడు పదకొండు గంటలప్పుడు సబియా అనే అమ్మాయి తన తల్లి వహీదున్నీసాను ఆటోలో తీసుకొచ్చింది. ముందురోజు స్నానాల గదిలో జారిపడి తల గోడకు కొట్టుకుందట. అప్పుడు లేచి వంట కూడా చేసిందట. పొద్దున్నుంచి మాత్రం ఒకటే మగత, పిలిస్తే పలికి మళ్లీ కళ్లు మూసుకుంటోంది. ఎస్తేరు ఆమెను పడుకోబెట్టి మిషన్ నడిపింది. బొమ్మలు ఒక్కొక్కటే తెర మీద పడ్డాయి. పద్నాలుగోది వచ్చేసరికి ఆమె కుర్చీలో ముందుకు వంగింది. ఎడమవైపు పుర్రెకూ మెదడుకూ నడుమ తెల్లని సన్నని చార, నెలవంకలాగా. నెత్తురు. ఇటువంటిది కోదండపాణి గారు ఆమెకు ఎన్నోసార్లు చూపించాడు.

అప్పుడే బాణం కదిలింది. పైనుంచి కిందికి ఒక్క విసురు. పద్నాలుగో బొమ్మ మిగతావాటితో పాటే దాటిపోయింది. పాత కాగితం తెరుచుకుంది, రాత దిగింది, నార్మల్ అని పడింది.

ఎస్తేరు నోట్‌ప్యాడ్ తెరిచింది. ఎడమవైపు చూడండి, పద్నాలుగో బొమ్మ, నెత్తురు ఉంది అని కొట్టింది. బాణం ఆగిపోయింది. ఆ మాటలు చెరిగిపోయాయి. వాటి చోట మొట్టమొదటిసారిగా జవాబు వచ్చింది, తెలుగులోనే.

నీ పని నువ్వు చూసుకో.

పక్కనున్న ప్రింటర్ కదిలి కాగితాన్ని బయటికి తోయసాగింది. ఎస్తేరు బల్ల కిందికి వంగి కంప్యూటర్ వెనకనున్న నెట్ వైరు పట్టి లాగేసింది. లేచి చూస్తే బాణం కోదండపాణి గారి సంతకం మీద కదలకుండా నిలిచిపోయి ఉంది. ఆమె కాగితం చించింది. బొమ్మల్ని ఫిల్ము మీద అచ్చు తీసుకుని బయటికి వచ్చింది.

"సబియా, అమ్మను ఇప్పుడే తిరుపతి పెద్దాసుపత్రికి తీసకపో. తలలో నెత్తురు ఉండాది. ఈడ రిపోర్టు కోసం కూచోవద్దు. ఫిల్ము చూపిస్తే వాళ్లకు అర్థమైపోతాది."

"డాక్టరు సూసినాడా అక్కా?"

"డాక్టరు లేడు," అనింది ఎస్తేరు. తనే 108కు ఫోన్ చేసింది. అంబులెన్స్ మలుపు తిరిగేదాకా మెట్ల మీద నిలబడింది.

అరగంటలో మునిశేఖర్ వచ్చాడు. అరవలేదు. రోగులందరినీ రేపు రమ్మని పంపించి, తలుపు దగ్గరగా వేసి, ఆమె కుర్చీలో తాను కూర్చున్నాడు. ఎలా తెలిసిందో గానీ, ఎస్తేరు తిరుపతి పోయి వచ్చిన సంగతి అతనికి తెలుసు.

"ఆ రిపోర్టులు రాసిందెవరు సార్?" అని అడిగింది.

"నువ్వే," అన్నాడు మునిశేఖర్. "ఈ కంప్యూటర్ తెరిచేది నీ పాస్‌వర్డుతో. రిపోర్టులన్నీ ఈ మిషన్లోనే టైపైనాయి. ఏ టైముకు ఏది టైపైందో ఇందులోనే ఉండాది. ఆ టైముకు ఈ కుర్చీలో ఎవరు కూచోనుండారో కెమెరాలో ఉండాది. బయటినుంచి ఇంకెవరో రాసినారని నువ్వెట్ల చెప్తావు?"

ఎస్తేరు తెర వైపు చూసింది. బయటివాళ్లు ఈ తెరను తెరవడానికి పెట్టిన రిమోట్ సాఫ్ట్‌వేర్ గుర్తు ఎప్పుడూ ఒక మూలన ఉండేది. ఇప్పుడు ఆ మూల ఖాళీగా ఉంది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో ఆమెకు తెలియదు. వైరును మునిశేఖర్ అప్పటికే మళ్లీ గుచ్చాడు. ఆమె తన సంచీ తీసుకుంది.

బస్టాండుకు పోలేదు. నేరుగా జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు పోయి, జరిగిందంతా రాసి సంతకం పెట్టింది. అక్కడి అధికారి రెండుసార్లు చదివి, విచారణ నీ మీదా నడుస్తుందమ్మా, తెలుసునా అని అడిగాడు. తెలుసు సార్ అని చెప్పింది. ఇంటికి పోయేదాకా ఏడుపు రాలేదు. ఏబెల్ నీళ్ల చెంబు చేతికిచ్చినప్పుడు వచ్చింది.

వహీదున్నీసాకు ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. నాలుగో రోజు కూతుర్ని పేరు పెట్టి పిలిచిందని సబియా ఫోన్ చేసింది. నాగవేణి వచ్చి వాంగ్మూలం ఇచ్చింది. సెంటరుకు సీలు వేశారు. మునిశేఖర్ మీద కేసు పెట్టారు, అందులో ఎస్తేరు పేరు కూడా చేర్చారు. ఆ చెయ్యి ఎవరిదన్నది మాత్రం తేలలేదు. మునిశేఖర్ ఒకసారి చెన్నైలో చదువుకునే కుర్రాడన్నాడు, ఇంకోసారి తాను మనిషిని ఎన్నడూ చూడలేదనీ, ఎవరో నంబరిస్తే మాట్లాడుకున్నాననీ అన్నాడు. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు.

ఆ మూడు వారాల బొమ్మలన్నీ ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ మళ్లీ చూసింది. నూటముప్పై మందిలో వహీదున్నీసా కాక ఐదుగురివి తప్పు. ఎస్తేరుకు అప్పటికి ఉద్యోగం లేదు. ఆ ఐదు పేర్లు అడిగి తీసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. నలుగురు దొరికారు. ఐదో మనిషి గోవిందు, వయసు ముప్పై ఒకటి, తలలో గోలీకాయంత గడ్డ. అతని నంబరు కలవలేదు.

రిజిస్టర్లో ఊరు రాసి ఉంది, పాకాలకు పది కిలోమీటర్లు. ఏబెల్ బండి మీద ఆమెను తీసుకుపోయాడు. ఇంటికి తాళం. పక్కింటి రుక్మిణమ్మ చింతపండు గింజలు తీస్తూ తలెత్తి ఎవరని అడిగింది. స్కాన్ సెంటరు నుంచి వచ్చామని చెబితే కొంచెం జరిగి చోటిచ్చింది.

"పది దినాలైంది పోయి. తలనొప్పి, కండ్లు తిరగతాయి అని ఒకటే అంటాండె. మీ కాగితంలో ఏమీ లేదని రాసినారంట గదమ్మా. ఏమీ లేనప్పుడు ఇంట్లో ఎందుకు కూచోవాల అని పనికి పాయ. బెంగుళూరు పక్కన యాడో పెద్ద బిల్డింగు. పైన సెంట్రింగు పని."

ఏ మేస్త్రీ దగ్గరో, ఏ ఏరియానో ఆమెకు తెలియదు. ఊళ్లో ఇంకెవరికైనా తెలుసేమో అని ఎస్తేరు నాలుగిళ్లు తిరిగింది. అందరూ బెంగుళూరనే అన్నారు. ఏబెల్ బండి తిప్పాడు. ఆమె వెనక కూర్చుని, దారి పొడుగునా సిగ్నల్ ఉన్న చోటల్లా గోవిందు నంబరు కొడుతూనే ఉంది.