స్టోరుగది ముందు కుర్చీ

పిల్లలూ, ఒక ప్రశ్న అడుగుతాను, తొందరపడకుండా ఆలోచించి చెప్పండి. ఇంటిపేరు ఒకటే కదా అని ఇద్దర్ని ఒకే గదిలో పెట్టి తాళం వేస్తే, తలుపు తీసేసరికి ఇద్దరూ క్షేమంగా ఉంటారని మీలో ఎవరు పూచీ పడతారు? ఎవరూ చెయ్యెత్తలేదు. మంచిది. ఇంతమాత్రం ఒక పెద్దమనిషికి ఎక్కడానికి పది రోజులు పట్టింది.

ఒక కాలేజీలో కెమిస్ట్రీ లాబ్ వెనకాల స్టోరుగది ఉండేది. దాని తాళంచెవి పందొమ్మిదేళ్ళుగా ఒకావిడ దగ్గరే ఉంది. ఆవిణ్ణి అక్కడ అందరూ కోడలనే పిలిచేవారు, గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని ఆవిడ అత్తగారు కూర్చునేది కాబట్టి. అత్తగారు అంతకు ముందు ఆ లాబ్‌లోనే సీసాలు కడిగి రిటైరైంది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం తనవల్ల కాదని రోజూ కోడలితోపాటే వచ్చేసేది.

పొద్దున తాళం తీసేముందు కోడలు అత్తగారి జుట్టు చూసేది. తెల్లగా ఉంటే తలుపు తీసేది. లోపల ఏ యాసిడ్ సీసా మూతో సరిగ్గా పడకపోతే ఆ జుట్టు చివర్ల నుంచి ఎర్రబడుతూ వచ్చేది. అమ్మోనియా ఆవిరి లేస్తే నీలంగా మారేది. గాలి శుభ్రపడ్డాక మళ్ళీ మామూలే. మీ బళ్ళో లిట్మస్ కాగితం చూపిస్తారే, అచ్చం అలాగ. లెక్చరర్లు అటుగా వెళ్తూ "ఇవాళ అత్తగారు తెల్లగా ఉన్నారు" అనుకుని క్లాసుకి వెళ్ళేవారు, ఇవాళ మబ్బు లేదు అనుకున్నట్టు.

కోడలు సీసాల్ని వాటి స్వభావాన్ని బట్టి సర్దేది. ఇట్టే అంటుకునేవి ఇనప బీరువాలో. మంటని ఎగదోసేవి దానికి ఎదురు గోడకి. యాసిడ్లు కింది అరలో, ఒక్కోదాని కింద ఒక ప్లాస్టిక్ పళ్ళెం, కారినా పక్కకి పాకకుండా. సోడియం ముక్కలకి నీళ్ళు తగిలితే భగ్గుమంటాయి కాబట్టి అవి కిరసనాయిల్లో మునిగి ఉండేవి. హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మూతకి మాత్రం సన్నటి చిల్లు ఉండేది. అది ఊరికే కూర్చున్నా లోపల కొద్దికొద్దిగా గాలి పుట్టిస్తుంది, ఆ గాలికి దారి ఉండాలి. అన్ని మూతలూ బిగించాలి, అదొక్కటీ బిగించకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అలాంటి గదికి కొత్త సూపర్‌వైజరొచ్చాడు. ఆయన బల్లమీద పెన్సిళ్ళు కూడా పొడుగు ప్రకారం పడుకునేవి. వచ్చిన వారానికే ఆయనకి క్రమం సారని పేరు పడిపోయింది. పది రోజుల్లో తనిఖీ ఉందనీ, ఈలోగా సీసాలన్నీ కంప్యూటర్ జాబితాలో ఉన్నట్టు అక్షరక్రమంలో ఉండాలనీ, ప్రతి మూతమీదా లక్క వెయ్యాలనీ ఆయన హుకుం జారీ చేశాడు. పళ్ళేలు తీసెయ్యమన్నాడు, కాంటీనులా ఉందట. బయటివాళ్ళు గుమ్మంలో కూర్చోకూడదని అత్తగారి కుర్చీని మెట్ల కిందికి మార్పించాడు.

కోడలు నెమ్మదిగానే చెప్పింది. "సార్, సోడియం పక్కన ఈ సోడియం హైపోక్లోరైట్ పెట్టకూడదండీ. ఇందులో ఉన్నది సగానికి పైగా నీళ్ళే."

"రెండూ సోడియమే కదమ్మా. ఒకింటివాళ్ళు."

మెట్ల కింద నుంచి అత్తగారు అందుకుంది. "నన్నూ దాన్నీ ఒక్క పూట ఒకే పొయ్యి దగ్గర నిలబెట్టి చూడు నాయనా, ఒకింటివాళ్ళ సంగతి తెలుస్తుంది."

ఆయన నవ్వలేదు. కోడలు కాగితం మీద రాసిచ్చింది. పక్కన ఖాళీ వదల్లేదని తిరిగొచ్చింది. ఖాళీ వదిలి రాసిచ్చిన రెండోది ఏమైందో ఎవరికీ తెలియదు. మూడోది ఆయన టీ గ్లాసు కింద కనిపించింది, సరిగ్గా "ప్రమాదం" అన్న మాట చుట్టూ గుండ్రటి మరకతో. నాలుగోసారి నోరు తెరవబోతే, తనిఖీ నాటికి గది తను చెప్పినట్టు లేకపోతే తాళంచెవి జిరాక్స్ గది అతనికిచ్చి ఆవిణ్ణి జిరాక్స్ మిషను దగ్గర నిలబెడతానన్నాడు.

ఆ గదిలో ప్రతి సీసా పుట్టిన తేదీ ఆవిడకి తెలుసు. సొంత పిల్లలవి అప్పుడప్పుడు తప్పు చెప్పేది గానీ ఇవి తప్పేది కాదు. అలాంటిది వదిలి, కాగితాలు మింగి కక్కే మిషను ముందు నిలబడటం! పళ్ళు నూరుకుంటూ ఆయన చెప్పినట్టే సర్దింది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పక్కకి హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చి కూర్చుంది. ఆ చిల్లుమీద లక్క వెయ్యనని ఆవిడంటే, క్రమం సారే వచ్చి స్వయంగా చుక్క వేశాడు. సీలంటే సీలే అన్నాడు.

ఇంటికి వెళ్తే అక్కడ ఇంకోటి. వంద మాటలు చెప్పే బదులు ఆయనకి ఎక్కేలా ఒక్క మాట చెప్పలేవా అని అత్తగారి సాధింపు. కోడలు ఆ రోజు గిన్నెలు మామూలుకంటే గట్టిగా తోమింది.

తనిఖీ ముందురోజు సాయంత్రం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ మళ్ళీ వెనక్కొచ్చి, ఆ యాసిడ్, పెరాక్సైడ్ సీసాల కింద లోతుపాటి పళ్ళెం ఒకటి దూర్చి, పైకి కనపడకుండా అట్ట అడ్డం పెట్టింది. వాటి కింది అరలోనే సోడియం ఉంది.

మర్నాడు పదింటికి తనిఖీవాళ్ళు ముగ్గురొచ్చారు. వాళ్ళలో పెద్ద మేడం నెరిసిన జుట్టూ, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడూ ఉన్న మనిషి. క్రమం సారు ముందు నడుస్తున్నాడు. కోడలు తాళంలో చెవి పెట్టింది.

"అమ్మాయ్," అంది అత్తగారు మెట్ల కింద నుంచి.

సమయం సందర్భం లేదీవిడకి అని విసుక్కుంటూనే కోడలు తల తిప్పింది. గుమ్మానికి ముప్ఫై అడుగుల దూరాన అత్తగారి ముడి, నుదురు దాకా, ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా ఉంది. ఇన్నేళ్ళలో కుదుళ్ళ దాకా పాకడం కోడలు చూడలేదు.

చెవి బయటికి లాగేసింది.

"తియ్యమ్మా," అన్నాడు క్రమం సారు.

"తియ్యను సార్."

చెయ్యి చాచాడు. ఆవిడ పిడికిలి బిగించి వెనక్కి పెట్టుకుంది. జిరాక్స్ మిషను చప్పుడు అప్పటికే చెవుల్లో మోగుతోంది, అయినా పిడికిలి విప్పలేదు.

పెద్ద మేడం ఇద్దర్నీ దాటుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. "ఎంతసేపయిందమ్మా ఇలా ఎర్రబడి?"

"పాపిట దాటగానే పిలిచాను తల్లీ. పిలిస్తే పలికే రకమా మా కోడలు?"

"మా లాబ్‌లోనూ ఉండేది ఒకావిడ," అంది మేడం. తర్వాత క్రమం సారు వైపు తిరిగింది. "కుర్చీ మెట్ల కిందెందుకు వేశారు?"

ఆయన చేతిలోని జాబితా తిరగేశాడు.

వరండా ఖాళీ చేయించి, గాలి బయటికి లాగే ఫాను స్విచ్చి బయట నుంచే వేశారు. అత్తగారి జుట్టు ఎర్రదనం నుంచి గులాబీకి, గులాబీ నుంచి తెలుపుకి రావడానికి మధ్యాహ్నం రెండయింది. అప్పుడు ముఖాలకి మాస్కులు పెట్టుకుని తలుపు తీశారు. పెరాక్సైడ్ సీసాకి మెడ లేదు. లక్క వేసిన మూత ఎగిరి సీలింగుకి అతుక్కుంది. పక్కనున్న యాసిడ్ సీసా పగిలి, రెండూ కలిసి పళ్ళెంలో వేలెడు తక్కువగా నిండి ఉన్నాయి. కింద సోడియం సీసామీద చుక్క కూడా పడలేదు. ఆ గాలిలోకి పదింటికి అయిదుగురు మనుషులు తలదూర్చి ఉంటే ఏమయ్యేదో మీకు చెప్పక్కర్లేదు.

పళ్ళెం ఎవరు పెట్టారని మేడం అడిగింది.

"నేనేనండీ. వద్దన్నా పెట్టాను," అంది కోడలు, తాళంచెవి ఇచ్చెయ్యడానికి సిద్ధపడి.

మేడం చెవి తీసుకోలేదు. రిపోర్టులో మూడు వాక్యాలు రాసింది. సీసాల అమరిక కోడలు చెప్పినట్టుండాలి, తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండాలి, కుర్చీ గుమ్మం పక్కనే ఉండాలి. క్రమం సారు అది రెండుసార్లు చదివి, కుర్చీ తనే మోసుకొచ్చి వేశాడు. వారం తర్వాత మాత్రం, ఏ అరకా అర సీసాల్ని పొడుగు ప్రకారం పెట్టుకోవచ్చా అని మెల్లిగా అడిగాడట. అది కుదురుతుంది సార్ అంది కోడలు.

గెలిచింది కదా, సంతోషించిందనుకుంటున్నారా? ఇంటికి నడుస్తూ దారంతా ఉడుక్కుంటూనే ఉంది. "పది రోజులు గొంతు పోయేలా చెప్పాను. ఒక్కరు విన్లేదు. మీరు నోరైనా మెదపకుండా కూర్చుంటే అందరికీ అర్థమైపోయింది. మీకు జుట్టుంది అత్తయ్యా, నాకు నోరే ఉంది."

అత్తగారు ఇంటి గుమ్మం దగ్గర ఆగి, కోడలి చెవి వెనక పాయ ఒకటి తీసి వెలుగులో చూసి, "వస్తుందిలేవే. నాకూ మా అత్తగారి తర్వాతే వచ్చింది," అంది.

ఏమిటలా నా తలకేసి చూస్తున్నారు? ఎర్రబడింది చివర్లేనా, పైదాకా వచ్చిందా? మీరు కథ కథ అని పిలిస్తే బాత్‌రూమ్ కడగడం మధ్యలో వదిలేసి వచ్చాను, ఆ యాసిడ్ సీసా మూత పెట్టనే లేదు. ఎవరూ అటు రాకండి. కిటికీలు తీసి కూర్చోండి, వస్తున్నాను.