మధ్యాహ్నం మూడింటి దయ్యాలు

ఐర్లండులో మా ఊరి హోటల్లో దయ్యాలు మధ్యాహ్నం మూడింటికి వచ్చేవి. యాత్రికుల బస్సు నాలుగున్నరకి బయల్దేరేది కాబట్టి వాటికి మరో దారి లేదు. ఆగస్టు వెలుగు కిటికీల్లోంచి తోసుకొస్తుంటే మేనేజరు టియర్నన్ నల్లతెరలు దించి, "ఊఁ, కానివ్వండి" అనేవాడు. నేను ఫిడేలు ఎత్తేదాన్ని. మలాకీ గొంతు సవరించుకునేవాడు.

మలాకీ మా పెద్దమ్మ కొడుకు. మురుగుకాలువల శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. కథలు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని దయ్యాల సంగతులు చెబుతుంటే పిల్లలం ఒంటేలుకి కూడా బయటికి వెళ్ళేవాళ్ళం కాదు, బిగపట్టుకుని కూర్చునేవాళ్ళం.

పదకొండు వేసవులపాటు టియర్నన్ ఆ కథల్ని బాగుచేశాడు. మొదటి ఏడు మాకిద్దరికీ ఆకుపచ్చ కోట్లు కుట్టించాడు. రెండో ఏడు పొగమంచు చిమ్మే యంత్రం కొన్నాడు. ఆ తర్వాత ఏ కథా ఆరు నిమిషాలు దాటకూడదన్నాడు, ప్రతి కథలోనూ ఒక చావుకేక ఉండాలన్నాడు. నేను మెల్లని పాట ఒకటి మొదలుపెడితే చెయ్యడ్డం పెట్టాడు.

"ఆ ఏడుపు రాగాలొద్దు అట్రాక్టా. చప్పట్లు కొట్టేవి వాయించు. వాళ్ళు సెలవులకొచ్చారు, కర్మకి రాలేదు."

ఓసారి మలాకీని అడిగాను, "నీకు సిగ్గనిపించడం లేదా అన్నయ్యా?" అని.

"మొదటి వేసవిలో అనిపించింది. ఇప్పుడు కోటు కాస్త బిగుతైంది, అంతే" అన్నాడు.

పోయినేడు ఎవరో యాత్రికుడు, దయ్యాలు సరిపోలేదని ఇంటర్నెట్లో రాశాడు. వెంటనే టియర్నన్ తన మరదలు గ్రానియాని బాన్షీగా దింపాడు. పాత కుటుంబాల్లో చావు రాబోతుంటే ముందుగా వచ్చి ఏడ్చే ఆడదయ్యం బాన్షీ. గ్రానియా అసలు ఉద్యోగం జీవిత బీమా అమ్మడం. పొగలో తెల్లగౌనుతో వచ్చి జుట్టు దువ్వుకుంటూ గుండెలవిసేలా ఏడ్చేది. ఆట ముగిశాక అదే గౌనుతో గుమ్మం దగ్గర నిలబడి తన కార్డులు పంచేది. కొందరు తీసుకునేవాళ్ళు కూడా.

ఆ వేసవిలోనే ఒక బుధవారం జర్మనీ నుంచి ఒక బస్సు రావలసి ఉంది. టియర్నన్ నాలుగు జర్మన్ ముక్కలు బట్టీపట్టి మెట్ల మీద నిలబడ్డాడు. బస్సు దిగిన నలభై మందికీ తలవంచి ఆ ముక్కలు అప్పజెప్పాడు. ముందు నిలబడ్డ ఊదారంగు టోపీ ముసలావిడ పక్కావిణ్ణి అడిగింది, "ఏమంటున్నాడే వీడు? ఒంట్లో బాలేదా?"

"మీదే ఊరండీ?" అన్నాడు టియర్నన్, తన భాషలోకొచ్చి.

"పక్క జిల్లాయే బాబూ. గాల్వే."

ఎవరో ఎక్కడో బస్సులు తారుమారు చేశారు. వచ్చింది పల్లెటూళ్ళ వృద్ధుల సంఘం. పేడా బురదా తొక్కుతూ బతికినవాళ్ళు, ప్రతి పొలం గట్టు మీదా ఏ దయ్యం తిరుగుతుందో పేరుతో సహా తెలిసినవాళ్ళు. టియర్నన్ మొహం పాలిపోయింది. కానీ కేకులు బల్లల మీద పెట్టేశారు, ఆట ఆపడానికి వీల్లేదు.

పొగ వదిలారు. వెనక వరసలోంచి ఒకాయన లేచి, "వంటింట్లో ఏదో మాడుతోంది, చూసుకోండమ్మా" అన్నాడు.

గ్రానియా వచ్చింది. దువ్వింది. ఏడ్చింది. జర్మన్లయితే ఈపాటికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్ళు. ఊదా టోపీ ఆవిడ మాత్రం ముందుకు వంగి, "ఎవరి కోసమమ్మా ఏడుపు?" అని అడిగింది.

గ్రానియాకి నేర్పిన పాఠంలో ఆ ప్రశ్న లేదు. "అం... అందరి కోసం" అంది.

"అందరి కోసమా! అయితే బస్సు బస్సంతా పోతుందన్నమాట. ఆ డ్రైవరుకి చెప్పండ్రా ఎవరైనా!"

గది ఘొల్లుమంది. "ఏ ఇంటి వెంట వచ్చావో తెలీకుండా ఏడిస్తే ఎలాగే పిల్లా? రా, కూచుని టీ తాగు" అందావిడ. బాన్షీ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని టీ తాగింది. ఆ ముసలావిడ పేరు సబీనా కెనవాన్ అనీ, ఎనభై నాలుగేళ్ళనీ మాకు తర్వాత తెలిసింది.

మలాకీ తన పెద్ద కథ ఎత్తుకున్నాడు. చనిపోయిన ఇల్లాలు ఏటా నవంబరు మొదటి రోజున ఇంటికొచ్చి పొయ్యి పక్క కుర్చీలో కూర్చుంటుంది. మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఏడు ఈవిడ వచ్చేసరికి కుర్చీలో కొత్త భార్య ఉంది. "అప్పుడా శవం పళ్ళు పటపట కొరికి, ఆమె పీక రెండు చేతులా..."

"ఆగరా అబ్బాయ్" అంది సబీనా. అరవై ఏడేళ్ళ అబ్బాయి ఆగాడు. "పీక నులిమిందా? నీకెవరు చెప్పారిలా?"

"మా అమ్మండీ."

"మీ అమ్మ ఇలా చెప్పి ఉండదు. బాగా గుర్తు తెచ్చుకో."

మలాకీ నోరు తెరిచాడు. నావైపు చూశాడు. పొయ్యి ముందు అతని పక్కనే కూర్చుని ఆ కథ ఎన్నోసార్లు విన్నదాన్ని. నేనూ వెతుక్కున్నాను. పెద్దమ్మ మొహం గుర్తుంది, ఆవిడ చేతిలో ఊలు గుర్తుంది. కథ చివరికి వచ్చేసరికి మాత్రం టియర్నన్ పెట్టించిన చావుకేకే వినిపిస్తోంది. పదకొండు వేసవుల్లో అది అసలుదాన్ని నమిలి మింగేసింది. మలాకీ చిన్నపిల్లాడిలా కోటు గుండీ తిప్పుతున్నాడు.

ఉక్కగా ఉందని ఎవరో నల్లతెరలు పైకి లాగారు. ఆ పట్టపగటి వెలుగులో, నెత్తిమీది టోపీ తియ్యకుండా, సబీనా కూర్చున్నచోటే చెప్పింది. గొంతు పెంచలేదు.

"కొత్త పెళ్ళాం భయంతో లేవబోయింది. చనిపోయినావిడ వద్దని చెయ్యూపింది. పక్క మంచంలో ఆవిడ కన్న బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. 'అది ఎడమ పక్కకి తిప్పితేనే పడుకుంటుంది. నీకెవరూ చెప్పి ఉండరు' అంది. కొత్తావిడ లేచెళ్ళి బిడ్డని ఎడమకి తిప్పింది. బిడ్డ పడుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ ఏ నవంబరులోనూ రాలేదు."

మలాకీ కళ్ళు తుడుచుకుంటూ, "అదే... అదే" అన్నాడు. టియర్నన్ కేకుల పళ్ళెంతో గుమ్మంలో కదలకుండా నిలబడిపోయాడు. వెనక వరసాయన నాతో, "మెల్లగా ఏదైనా వాయించమ్మా" అన్నాడు. వాయించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరు మాత్రం ముక్కు చీదుకున్నారు.

బస్సెక్కబోతుంటే టియర్నన్ పరుగెత్తాడు. "అమ్మగారూ, ప్రతి బుధవారం వస్తారా? కారు పంపిస్తాం. ఆ చివర్లో మాత్రం ఒక చిన్న కేక..."

"పెడదాం నాయనా. నేను గిల్లుతాను, నువ్వు కేకెయ్యి" అని ఆవిడ బస్సెక్కింది.

మలాకీ మర్నాడే కోటు విసిరికొట్టాడని రాయాలని ఉంది. అలా జరగలేదు. ఆ సీజనంతా వారానికి మూడుసార్లు ఆ కొత్త భార్య పీక నులుముతూనే ఉన్నాడు, నేను పక్కన గెంతుపాటలు వాయిస్తూనే ఉన్నాను. కాకపోతే నులిమేచోట అతని గొంతు తడబడేది. అది కూడా భయంకరంగా ఉందని యాత్రికులు మెచ్చుకున్నారు.

చలికాలం రాగానే ఆదివారాలు అతన్ని నా కారులో సబీనా ఇంటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఆవిడ చెప్పదు, ముందు మలాకీచేత చెప్పిస్తుంది. రెండో వాక్యానికే, "అది హోటల్ మాట. తీసెయ్" అంటుంది. ఏ దయ్యానికీ భయపడని మా అన్నయ్య ఆ ఇంటి గేటు తీసేముందు రెండుసార్లు ఊపిరి పీల్చుకునేవాడు.

వసంతంలో అతను ఇక పీకలు నులమనని టియర్నన్‌కి చెప్పేశాడు. టియర్నన్ బాధపడలేదు. పట్నం నుంచి ఒక నాటకాల కుర్రాణ్ణి తెచ్చుకున్నాడు. ఇంటర్నెట్లో మెప్పులు రెట్టింపయ్యాయని నాకు తానే చూపించాడు.

మేమిప్పుడు ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి పక్క హాల్లో కథ, ఫిడేలు వినిపిస్తున్నాం. పదమూడు మంది వస్తారు, ఒక కుక్క వస్తుంది. మొన్న సబీనా కూడా వచ్చింది. మలాకీ ముప్పావుగంట చెప్పాడు. అయ్యాక వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు.

ఆవిడ చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. "పర్లేదు. వాగు దాటేచోట వచ్చే నక్కని మర్చిపోయావు. వచ్చే ఆదివారం మళ్ళీ చెప్పు" అంది.