కొండ దగ్గర అరిచే అత్తగారు

కొండ మీద విమానం ముక్కలు ఇంకా పూర్తిగా ఎత్తనేలేదు, విమానాశ్రయం హాల్లో కేకు పెట్టారు. తెల్లటి క్రీము మీద కంపెనీ గుర్తు. ఆగిపోయిన సర్వీసు ఇవాళ మళ్లీ మొదలట; పనిలో పనిగా పోయినవాళ్లకు నివాళి కూడా. పెద్దమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు.

పోయిన ఇద్దరు పైలట్లలో చిన్నవాణ్ణి పెంచింది ఆమే. చెల్లెలు పసిగుడ్డును ఒళ్లో పెట్టి కన్నుమూస్తే, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య అరిచి అరిచి పనిచేయిస్తూ వాణ్ణి ఇంతవాణ్ణి చేసింది. ఆ చివరి పొద్దున వాడు బూట్ల లేసులు కట్టుకుంటూ, "వెళ్లొస్తా పెద్దమ్మా. నువ్వలా గుమ్మంలో నిలబడితే నేనేదో యుద్ధానికి పోతున్నట్టుంటుంది" అని నవ్వాడు. అప్పటినుంచి ఎవరు గుమ్మం దాటినా ఆమెకు గుండె గుబగుబలాడుతుంది. పాలవాడు వెళ్లినా సరే.

కంపెనీ పైలట్లందరికీ పెద్దయిన చీఫ్ కెప్టెన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. మీసం మీద క్రీము అంటుకుని ఉంది.

"అమ్మా, తప్పంతా వాతావరణం మీద పెట్టేశాం. మబ్బు కమ్మింది, కొండ కనబడలేదు, అంతే. మీవాడి పేరు ఎక్కడా చెడదు. మీరు మైకు దగ్గర రెండు మంచి ముక్కలు చెబితే చాలు."

"మావాడి పేరెందుకు చెడుతుంది?"

అతను అటూ ఇటూ చూశాడు. "అలారం నొక్కి ఆపింది వాడి చెయ్యేనమ్మా. కెప్టెనే నొక్కమన్నాడనుకోండి. బయటికొస్తే మాత్రం నలుగురూ నాలుగు రకాలుగా అంటారు."

ఆ అలారం సంగతి పెద్దమ్మకు తెలుసు. విమానం నేల మీదికి దూసుకుపోతుంటే పైకి లేవమని అరిచే యంత్రం. ఈ ఊళ్లో రన్‌వే కొండను ఆనుకుని ఉండటంతో, సరైన దారిలో దిగుతున్నా అది అరుస్తుంది. అందుకే పైలట్లు దానికి అత్తగారని పేరు పెట్టారు. అత్తగారి నోరు మూయించడం చిన్న పైలట్ పని. వాడే చెప్పాడు, అన్నం తింటూ, నవ్వుతూ.

వాడి మీద మచ్చ పడకూడదు. ఆమె ఇంతదూరం వచ్చింది అందుకే. అది దక్కింది కదా, ఇంకేం కావాలి?

కాఫీ బల్ల దగ్గర ఇవాళ్టి విమానం నడిపేవాళ్లు నిలబడ్డారు. ఒక నెరిసిన జుట్టు కెప్టెన్, ఇస్త్రీ మడత నలగని యూనిఫారంలో ఒక అమ్మాయి.

"ఏం కొత్తకోడలా, ఇవాళా మబ్బే. అత్తగారు రాగం ఎత్తుకోగానే నొక్కెయ్, మరిచిపోకు."

"నా చెయ్యి ఎప్పుడో తిరిగింది సార్! ఆవిడ నోరు తెరిచేలోపే నొక్కేస్తా!"

ఇద్దరూ పకపకా నవ్వారు. నోట్లోంచి కేకు పొడి రాలింది.

"ఇంకా నొక్కేస్తున్నారా?" అంది పెద్దమ్మ.

"అది రోజూ అరిచేదేనమ్మా," అన్నాడు చీఫ్ కెప్టెన్. "నాన్నా పులి కథే. పట్టించుకుంటే ఒక్క విమానమూ దిగదు."

"ఆ కథలో చివరికి పులి నిజంగానే వచ్చింది కదండీ."

అతను వినలేదు. మైకు ఆమె చేతికిచ్చి, ఫొటో కోసం పక్కన సర్దుకు నిలబడ్డాడు. అద్దాల అవతల కొండ నడుం దాకా మబ్బులో మునిగి ఉంది. ఇవతల ఎక్కబోయేవాళ్లు సంచులు ఒళ్లో పెట్టుకుని ఆమెనే చూస్తున్నారు.

ఒక మాట అంటే వాడి పేరు పోతుంది. వాడికి మిగిలింది ఆ ఒక్కటే.

"మబ్బు ఏ పాపమూ ఎరగదు," అంది పెద్దమ్మ. "కొండ ఉన్నచోటే ఉంది. అలారం అరిచింది. నా బిడ్డే దాని నోరు నొక్కాడు. కెప్టెన్ నొక్కమన్నాడు, వీడు నొక్కాడు. రోజూ నొక్కుతారట. ఇవాళ కూడా..."

చీఫ్ కెప్టెన్ కనుసైగ చేశాడు. మైకు మూగబోయింది.

పెద్దమ్మ దాన్ని కేకు పక్కన పెట్టేసింది. మిషన్ల హోరులో అవతలి గోడ దాకా వినబడిన గొంతు అది.

"ఇవాళ కూడా నొక్కుతారట! ఏమ్మాయ్, నిన్నే! పొద్దున నువ్వు బయల్దేరుతుంటే గుమ్మంలో ఎవరు నిలబడ్డారే?"

హాలంతా ఆ అమ్మాయి వైపు తిరిగింది. ఆమె క్రీము అంటిన తన వేలిని చూసుకుంది.

"మా అమ్మండీ," అంది.