మన్మథరావు ఛాతీలో కొండ

మన్మథరావు క్రషర్ బెల్టు పక్కన దగ్గుతూ కూలబడ్డాడు. కాంట్రాక్టర్ ఈశ్వరప్రసాద్ వచ్చి డొక్కలో బూటుకాలితో తన్నాడు. మనిషి నెత్తురు కక్కుకున్నాడు. కొల్నార దగ్గరి ఆ క్వారీలో పనిచేసే ఎనభై మందిమీ చూశాం. ఎవరిలోనూ దమ్ము లేదు, ఉన్నదంతా దుమ్మే.

ఈశ్వరప్రసాద్! పేరులో ప్రసాదం, పంచేది విషాదం. రాయి మీద నీళ్లు కొడితే దుమ్ము లేవదు. కానీ తడిరాయి నెమ్మదిగా నలుగుతుందని నీళ్ల పంపు ఆపించేశాడు. బదులుగా సాయంత్రం తలా ఒక బెల్లం ముక్క. దుమ్మును బెల్లం కిందికి లాక్కుపోతుందని మేమూ నమ్మి ఎనిమిదేళ్లు చప్పరించాం. బెల్లం కడుపులోకి పోయింది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది.

మన్మథరావును ఆయన భార్య గున్నమ్మ రాయగడ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆమెకు తోడు మేం నలుగురం.

"ఏడాదై టీబీ మాత్రలు మింగుతున్నాడమ్మా. ఆయాసం తగ్గనేదు," అంది గున్నమ్మ.

డాక్టర్ సుభశ్రీ కాగితాలు తిరగేసింది. "కఫంలో టీబీ క్రిమి మూడుసార్లూ లేదే! ఏం పని చేస్తాడు?"

"రాయి కొడతాడు."

"అయితే ఇది రాతిదుమ్ము రోగంలా ఉంది. సిలికోసిస్. ఇక్కడ ఎక్స్‌రే మిషన్ పాడైంది. మీ క్వారీలో వైద్య శిబిరం పెట్టి తీసిన ఎక్స్‌రే ఫిల్ములు తెండి. ఆ రోగమని నేను రాసిస్తే క్రషర్ ఆపక తప్పదు."

ఫిల్ములు కాంట్రాక్టర్ ఆఫీసులో ఉన్నాయి. ఎనభై మందిమీ వెళ్లాం, గున్నమ్మ భుజం పట్టుకుని మన్మథరావూ వచ్చాడు.

"తిత్తి తీసేత్తాను, పొండి!" అన్నాడు ఈశ్వరప్రసాద్. ఆ పని ఆయన ఎనిమిదేళ్ల కిందటే మొదలుపెట్టాడు. మా కళ్లముందే ఫిల్ముల మీద డీజిల్ పోసి అంటించాడు. మన్మథరావు మంటలోకి చెయ్యిపెట్టాడు. నల్లటి పొగ ముఖాన కొట్టింది. రౌడీలు గడ్డపారలతో మీద పడ్డారు. మాతో రాయి మోసే పుష్ప నుదురు పగిలింది. మేం రాళ్లందుకున్నాం. రౌడీలు పరుగెత్తేసరికి మన్మథరావు నోరు తెరిచి, ఊపిరి అందక, గున్నమ్మ ఒడిలో పోయాడు.

పోలీసులు కట్టెల లారీతో సహా దిగారు. టీబీ చావు, అంటుకుంటుంది, ఇప్పుడే కాల్చమన్నారు.

గున్నమ్మ శవానికి అడ్డంగా పడుకుంది. "కాల్చనివ్వను. ఆసుపత్రిలో కొయ్యాల!"

మేం ఉలిక్కిపడ్డాం. మాలో శవం మీద కత్తి పడనివ్వరు. ఆసుపత్రి గోడ దూకించైనా శవాన్ని ఇంటికి తెచ్చుకునేవాళ్లం మేము.

"వదినా, అన్నను ముక్కలు సేయిత్తావేటి?" పుష్ప ఏడ్చింది.

"ఫిల్ములు కాల్చేసేడు. ఇంక రుజువెక్కడుందే? ఈడి గుండెల్లోనే ఉంది. అదీ కాల్చీమంతావా?"

పుష్ప కళ్లు తుడుచుకుని, శవాన్ని మంచం మీదికి ఎత్తించి, ఒక కోడు పట్టుకుంది. మిగతా మూడు కోళ్లకు మూడు భుజాలు వచ్చాయి. రాయగడ రోడ్డు పొడవునా లాఠీలు విరిగాయి, మా చేతులూ విరిగాయి. ఒకడు పడితే ఇంకొకడు భుజం పెట్టాడు. మంచం నేలను తాకలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర గున్నమ్మను పోలీసులు జుట్టుపట్టి లాగి తమ వ్యాన్‌లో పడేశారు. ఆ తోపులాటలోనే మేం శవాన్ని లోపలికి చేర్చాం. రెండు గంటలకు సుభశ్రీ బయటికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"ఏటుందమ్మా లోపల?" వ్యాన్ ఊచల్లోంచి గున్నమ్మ అరిచింది.

"కత్తి గరగరలాడింది. ఊపిరితిత్తులు రాయిలా ఉన్నాయి. సిలికోసిస్ అనే రాశాను."

వ్యాన్ స్టార్టయింది. పుష్ప వెళ్లి చక్రాల ముందు పడుకుంది. "నానూ ఎనిమిదేళ్లు దుమ్ము తిన్నాను. తొక్కించండి! తొక్కించి నన్నూ కొయ్యండి, సూడండి!"

దగ్గుతూ, ఒకరినొకరు పట్టుకుని, మిగతా అందరమూ ఆమె పక్కన పడుకున్నాం. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు.