మూడో దెబ్బకు కారణం

సరస్సులోంచి వచ్చిన నెవిన్‌ను పెళ్లాడేటప్పుడు కాడోగ్ ఒప్పుకున్న షరతు ఒక్కటే. కారణం లేకుండా మూడుసార్లు కొడితే, వెంట తెచ్చిన ఆవులతో సహా ఆమె తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. వేల్స్ కొండల్లో అటువంటి పెళ్లిళ్లు అంతకుముందూ జరిగాయి గనుక షరతు ఎవరికీ వింతగా తోచలేదు. కొట్టే ఉద్దేశం లేదు గనుక కాడోగ్ నవ్వుతూ ఒప్పుకున్నాడు.

అయితే దెబ్బకూ తాకిడికీ సరస్సువాళ్లు తేడా చూడరు. చర్చిలో ప్రసంగం నడుస్తుండగా నెవిన్ కునుకు తీస్తే అతను మోచేత్తో పొడిచాడు. అది ఒకటి. గొర్రెల సంతలో ఆమె పొట్టేలుకు మొదటి బహుమతి వస్తే పట్టలేని సంతోషంతో వీపు చరిచాడు. అది రెండు. సంతోషం కారణం కాదా అని వాదించాడు. కాదంది నెవిన్.

ఆనాటి నుంచి ఎనిమిదేళ్లు కాడోగ్ ఆమెకు రెండు బారల దూరంలో బతికాడు. గంజి గిన్నెను పొడవాటి చెక్క పార మీద పెట్టి అందించేవాడు. పడక కొట్టంలోకి మార్చుకున్నాడు. ఈ జాగ్రత్తే ప్రేమ అనుకున్నాడు. జాగ్రత్తలో తప్పు దొరకదు గనుక ఆ అనుకోవడాన్ని ఎన్నడూ పరీక్షించుకోలేదు.

"ఏమయ్యా, మీ ఇద్దరికీ పడట్లేదా?" అని పొరుగింటి ఇథెల్ అడిగాడు.

"భలేవాడివే! మేం చాలా అన్యోన్యంగా ఉన్నాం."

"అంత దూరం దొరికితే మా ఆవిడా నేనూ అన్యోన్యంగానే ఉండేవాళ్లంలే."

ఒక వసంతకాలపు ఉదయం నెవిన్ ఆవులను పేరుపేరునా పిలిచింది. అవి వరస కట్టి సరస్సు దారి పట్టాయి. వెనకే ఆమె.

కాడోగ్ పరుగెత్తుకెళ్లి, రెండు బారల దూరంలో ఆగాడు.

"ఎక్కడికి? మూడోది కొట్టలేదుగా!"

"లేదు."

"మరి?"

"షరతు మా నాన్నది. ఇప్పుడు నా అంతట నేనే పోతున్నా. ఎనిమిదేళ్లలో జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసిన వాడు లేడు. అక్కడ కనీసం చేపలైనా రాసుకుంటూ పోతాయి."

ఆమె నీళ్లలో అడుగు పెట్టింది. పట్టుకుంటే అది మూడోది. పట్టుకోకపోతే తన వైపు తప్పేమీ ఉండదు, ఇంట్లో ఎవరూ ఉండరు. కాడోగ్ జీవితంలో అంత తక్కువ ఆలోచించి ఏ పనీ చేయలేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

ముందు నడుస్తున్న ఆవు మోకాళ్ల లోతులో ఆగింది.

"కారణం?" అంది నెవిన్.

ఎనిమిదేళ్లుగా కూర్చుకున్న వాదాలన్నీ కాడోగ్ పక్కన పెట్టాడు.

"నువ్వు వెళ్లిపోతున్నావు," అన్నాడు.

ఆమె తన మణికట్టు మీది చేతిని చూసింది.

"ఇది కారణమే," అంది.

ఆవులు వెనక్కి తిరిగాయి. వదిలేస్తే మళ్లీ పట్టుకోవడానికి కొత్త కారణం వెతుక్కోవాలేమోనని కాడోగ్ మణికట్టు వదల్లేదు. ఆ పూట ఇద్దరూ చెరొక చేత్తో పాలు పితికారు. సగం ఒలికిపోయాయి.