రెండు గట్ల పుస్తకం

పిండి జిగురు ఉండలు కట్టకుండా పుల్లతో తిప్పుతున్నాడు ముసలాయన. మెట్ల కింద చీపుర్లూ విరిగిన కుర్చీలూ పెట్టే గదే ఆయన కార్ఖానా. గ్రంథాలయంలో అందరూ ఆయన్ని అట్టలాయన అంటారు. చిరిగిన పుస్తకం ఏదైనా ఆయన బల్ల మీదికి వచ్చి, సూదిపోట్లు తిని, కొత్త అట్ట తొడుక్కుని పైకి పోవాల్సిందే. వేళ్ళ సందుల్లో ఎండిన జిగురు ఎప్పుడూ పొట్టు లేస్తూ ఉంటుంది. ఇంట్లో భోజనానికి కూర్చునే ముందు దాన్ని గీక్కోవడం ఆయనకొక పని.

గ్రంథాలయాధికారిణి లోపలికి తొంగిచూసింది. "పెద్దాయనా, ఆ జంట పుస్తకం ఇవాళైనా విడదీస్తారా?"

"ఇవాళ తప్పదు మేడమ్."

ఈ మాట ఆయన ఏళ్ళ తరబడి చెబుతున్నాడు. అంతర్యుద్ధం గురించి ఇవతలి పక్షంవాడు రాసిన సన్నపాటి పుస్తకం ఒకటి, అవతలి పక్షంవాడు రాసింది ఒకటి అట్టలూడి వస్తే, రెండింటినీ కలిపి ఒకే అట్టలో కుట్టేశాడు. అడిగితే అట్ట ఆదా అన్నాడు. పాఠకులకు ఒళ్ళు మండింది. ఒకరికి ముందు సగం గిట్టలేదు, ఇంకొకరికి వెనక సగం గిట్టలేదు. చివరికి అది ఆయన సొరుగులోకే చేరింది. ఆ కుట్లు తెంపడం ఆయనకెంత పని, కానీ చెయ్యి రాలేదు.

జిగురు దించేసరికి మనవరాలు వచ్చింది. మొన్ననే కాలేజీలో చేరింది. యుద్ధం గురించి చిన్నప్పటినుంచీ అడుగుతూనే ఉంది. "నాకేం తెలుసే, అన్నీ పుస్తకాల్లో ఉంటాయి" అని ఆయన దాటేస్తూనే ఉన్నాడు.

"పుస్తకాల్లో ఉంటాయన్నావుగా తాతయ్యా. ఏవి చదవాలో నువ్వే ఏరిపెట్టు."

అట్టలాయన అడ్డంగా దొరికిపోయాడు. చేతులు తుడుచుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంటూ మేడ ఎక్కాడు. కూరగాయలు ఏరినట్టు ఒక్కొక్క పుస్తకమే తీసి వెన్ను నొక్కి చూశాడు. ప్రభుత్వం వేయించిన లావు సంపుటానికి ఒక్క కుట్టయినా వదులవలేదు. "దీన్నెవరూ తెరవలేదు. తలగడకి బాగుంటుంది." సేనాధిపతి స్వీయచరిత్ర ఫోటోల దగ్గర మాత్రమే విరిగింది. "బొమ్మలు చూసి పెట్టేశారు." యుద్ధకాలంలో ఆసుపత్రి బట్టలు ఉతికిన ఒకామె రాసిన పుస్తకం మాత్రం ఆయన చేతికి ఎన్నోసార్లు వచ్చింది. పుటల అంచులు గుడ్డలా మెత్తబడ్డాయి. దాన్ని మనవరాలి చేతిలో పెట్టాడు.

"ఇదొక్కటేనా?"

"ఇంకోటుంది. కింద."

సొరుగులోంచి జంట పుస్తకం తీసి భుజం మీది గుడ్డతో తుడిచాడు. "వంతెన దగ్గర కొట్లాట గురించి. ముందు సగం ఇవతలి గట్టువాడు రాశాడు. వెనక సగం అవతలి గట్టువాడు."

"నువ్వు ఏ గట్టు?"

"ఇవతలి గట్టు. మీ పెదతాతయ్య అవతలి గట్టు. రాత్రంతా చీకట్లోకి కాల్చాం. యుద్ధం అయిపోయాక కూడా అన్న ఇంటికి రాలేదు."

ఆ పిల్ల పుస్తకం అందుకుంది.

"నా సగం చదివాను. వెనక సగం చదవడానికి భయమేసింది. నువ్వు చదివి చెప్పమ్మా."

ఆమె పైకి వెళ్ళాక ఆయన పిల్లల పుస్తకమొకటి ముందేసుకున్నాడు. సూది వేలికి గుచ్చుకుంది. కొత్తగా పనిలో చేరినవాడిలా ఇదేమిటని తనను తానే విసుక్కున్నాడు. మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా తలెత్తి చూశాడు.

మధ్యాహ్నం దాటాక ఆమె పుటలో వేలు పెట్టుకుని దిగి వచ్చింది. "పెదతాతయ్య అక్కడేం చేసేవాడు?"

"వంట. తుపాకీ ఇస్తే తిరగేసి పట్టుకున్నాడట, అందుకని గరిటె ఇచ్చారు. వాళ్ళలో ఒకడు తర్వాతెప్పుడో చెప్పాడు."

"అయితే విను." ఆమె నెమ్మదిగా చదివింది. "వంతెన చేరకముందే వంటవాళ్ళందరినీ బళ్ళతో సహా కొండలవైపు పంపించేశాం. ఆ రాత్రి మాలో ఎవరి కడుపులోనూ ఏమీ లేదు."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"అయితే పస్తులతో కొట్లాడారన్నమాట, పాపం," అని నవ్వాడు. నవ్వుతూనే గుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. "కొండల్లో ఏమయ్యాడో ఉందా?"

"అది రాయలేదు తాతయ్యా."

"పోనీలే. నా చేతిలో పోలేదు కదా."

పుస్తకం తీసుకుని, కుట్లు తెంపే కత్తిని సొరుగులో వేసేశాడు. ఊడివస్తున్న వెన్నుకు దట్టంగా జిగురు పూసి, కొత్త గుడ్డ అంటించి, రెండు చెక్కపలకల మధ్య పెట్టి మర బిగించాడు. మేడమ్‌కి రేపు చెప్పుకోవచ్చు. మనవరాలు బట్టలుతికినామె పుస్తకం పట్టుకుని పైకి వెళుతూ, "మూసే వేళకి వస్తా, కలిసి వెళదాం," అంది.

ఆమె వచ్చేసరికి ఆయన గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కునుకు పట్టిందేమో అనుకుని స్టూలు మీద కాసేపు ఆగింది. తర్వాత చెయ్యి పట్టుకుని చూసింది. చల్లబడి ఉంది.

అందరూ కలిసి ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాక, గ్రంథాలయాధికారిణి దీపం ఆర్పడానికి ఆ గదిలోకి వచ్చింది. పలకల మధ్య ఉన్నది ఏ పుస్తకమో వంగి చూసింది. మర మీద చెయ్యి వేసి, విప్పకుండా, ఇంకాస్త బిగించింది. జిగురు ఇంకా ఆరలేదు. పలకల అంచున ఒక తెల్లని బొట్టు పైకి ఉబికి వచ్చి నిలిచింది.