అరగని పళ్ళు

నేను ఒక వాలుగ చేప దవడను. నవ్వకండి, ఒకప్పుడు గోదావరిలో నా పళ్ళకు భయపడని చిరుచేప లేదు. వలలో పడ్డాక నా మాంసమంతా ఎవరి పులుసులోకో పోయింది. దవడను మాత్రం ఎండబెట్టి, ముక్కలు చేసి, పుల్లకు కట్టి, ఖద్దరు నేసే పొందూరు పంపారు. అక్కడి వాళ్ళకు కొండపత్తి శుభ్రం చేయడానికి మా పళ్ళను మించిన దువ్వెన లేదట. బతికుండగా కరిచానని తిట్టిన మనుషులే, చచ్చాక ఆ పళ్ళనే ఏరికోరి తెచ్చుకున్నారు.

నేను చేరింది దాలమ్మ ఇంటికి. నూలు వడకడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. కుడిచేత్తో నన్ను పట్టుకుని, ఎడమచేతి వేళ్ళతో గింజపత్తిని నా పళ్ళ మీదుగా లాగేది. నలకలన్నీ నా దగ్గరే ఆగిపోయేవి. తర్వాత రాట్నం ముందు కూర్చుని అదే ఎడమచేత్తో దారం తీసేది. కంటికి ఆనని దారం అది. కళ్ళు మూసుకునే తీసేది. ఎక్కడ పలచబడిందో, ఎక్కడ ముడి తగిలిందో వేలికొసలే ఆమెకు చెప్పేవి.

అప్పుడప్పుడు నా పన్ను ఆమె వేలికి దిగేది. "అబ్బా! సచ్చినా దీని పొగరు సావనేదు" అంటూ వేలు నోట్లో పెట్టుకునేది. ఆ తిట్టంటే నాకెంత ఇష్టమో!

ఒక వానాకాలం ఆ తిట్టు ఆగిపోయింది. ఆ రోజు నా పన్ను ఆమె చూపుడువేల్లోకి బాగా లోతుగా దిగింది. దాలమ్మ మాత్రం కోడలు రాజులమ్మతో ఆనపకాయ కూర సంగతి మాట్లాడుతూనే ఉంది. తెల్లటి పత్తి ఎర్రబడ్డాక గాని చూసుకోలేదు. నాకు భయం వేసింది. నా బతుకులో ఎన్నిటినో కరిచాను గాని, కరిస్తే తెలియని ప్రాణిని అంతవరకూ చూడలేదు.

దాలమ్మకు భయం వేయలేదు. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది.

"దీని పళ్ళు అరిగిపోనాయే, రాజులమ్మా. ఇదివరకు ముట్టుకుంటే సురుక్కుమనీది. ఇప్పుడు రగతం వత్తాది గాని సురుక్కుమనడమే నేదు."

అని నన్ను తీసుకెళ్ళి చూరులో దోపేసింది. 'అరిగింది నేను కాదు తల్లీ' అని అరవాలనిపించింది. ఏం లాభం? నాకు పళ్ళన్నీ ఉన్నాయి, నాలుకే లేదు.

నా స్థానంలోకి కొత్త దవడ వచ్చింది. అదీ ఆమెకు సురుక్కుమనలేదు. "ఈ కాలం చేపలకి పళ్ళే నేవు" అని గొణిగింది దాలమ్మ. దారం లావెక్కింది, మాటిమాటికీ తెగింది. నూలు కొనే ఖాదీ సంఘం వాళ్ళు ఆమె నూలును మొదటిసారి వెనక్కి పంపారు. ఆమె పత్తిని తిట్టింది, వానను తిట్టింది, రాట్నాన్ని తిట్టింది. తన చేతిని మాత్రం ఒక్క మాట అనలేదు. చూరులోంచి అంతా చూస్తూ ఏడాది గడిపాను.

మళ్ళీ వానలు పడ్డాయి. పని నేర్చుకుందామని రాజులమ్మ నన్ను చూరులోంచి లాగింది. పత్తి పెట్టి ఒక్క లాగు లాగిందో లేదో, "అబ్బా!" అంది. వేలిమీద రక్తపుచుక్క నిలిచింది.

దాలమ్మ రాట్నం ఆపేసింది. "దాని పళ్ళు మొండిబారిపోనాయి కదే" అంది. లేచి వచ్చి, నా పన్ను మీద తన ఎడమ చూపుడువేలు పెట్టి నొక్కింది. రక్తం వచ్చింది, అంతే. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు దాలమ్మ నన్ను కొంగున కట్టుకుని, కోడలిని వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు కళ్ళు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. కుడిచేతిని పెన్ను కొసతో తాకగానే "ఊఁ" అంది. ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా ఐదింటినీ తాకాడు. దాలమ్మ ఓపిగ్గా కూర్చుని, చివరికి అడిగింది.

"ఈ సెయ్యి ఎప్పుడు సూత్తారు బాబూ?"

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "చర్మం కింద నరాల కొసలుంటాయమ్మా. మెత్తగా తాకితే కొన్నింటికి తెలుస్తుంది, నొక్కితే కొన్నింటికి, వేడికి, నొప్పికి వేరే ఉన్నాయి. ఆ కబురు నరం వెంట చేతిలోంచి వెన్నులోకి, అక్కణ్ణుంచి మెదడుకి పోతుంది. అక్కడ అందితేనే మనం 'అబ్బా' అంటాం. నీ మెదడు బాగానే ఉంది. కబురు మోసే నరమే పాడైంది."

కుష్టు అన్నాడు. దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భయం లేదు, ఏడాది మాత్రలు మింగితే జబ్బు పూర్తిగా పోతుందన్నాడు.

"మరి స్పర్శ?" అని అడిగింది రాజులమ్మ.

"మొదట్లోనే వచ్చుంటే చాలావరకు తిరిగొచ్చేదమ్మా. ఇప్పుడు ఆశ తక్కువ."

మొదట్లో తెలిసింది నాకొక్కదానికే. నాకు ఏడుపొచ్చింది గాని, ఎండిన ఎముకకు కన్నీళ్ళెక్కడివి?

ఏడాది గడిచింది, జబ్బు పోయింది. ఇప్పుడు రాట్నం రాజులమ్మది, నేనూ రాజులమ్మ చేతిలోనే ఉన్నాను. దాలమ్మ పక్కన కూర్చుని పని చెబుతుంది. నిన్న నా పన్ను రాజులమ్మకు దిగింది. "అబ్బా" అనగానే దాలమ్మ దగ్గరకు జరిగింది.

"ఎలగుందే? సెప్పు."

"సురుక్కుమంది అత్తా."

"సురుక్కుమందా..." అంటూ నన్ను తీసుకుంది. చూపుడువేలు నా పన్ను మీద పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కింది. నాకున్న పదునంతా పెట్టి గుచ్చాను. రాజులమ్మ గబుక్కున ఆ వేలు తీసి, తన కొంగుతో రక్తం తుడిచింది. తీసినట్టూ, తుడిచినట్టూ దాలమ్మకు తెలియలేదు. కళ్ళు మూసుకుని ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.